వారానికి నూట యాభై లీటర్ల సముద్రం

గురువారం రాత్రి భోజనాలయ్యాక మా బావగారు గరాజ్‌లోకి వెళ్లి గోడకున్న చిన్న కుళాయి తిప్పారు. దారప్పోగంత సన్నటి ధార నీలిరంగు డ్రమ్ములోకి పడటం మొదలైంది. ‘‘శనివారం పని మొదలుపెట్టేశాం’’ అన్నారు చేతులు తుడుచుకుంటూ.

‘‘ఇవాళ గురువారమే కదండీ?’’

‘‘ఆదివారం పొద్దున ఇడ్లీ తినాలంటే మినప్పప్పు ఎప్పుడు నానబోస్తారు? ఇదీ అంతే.’’

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా అక్కావాళ్ల ఇల్లు. ఆ ఇంటి హాల్లో ఒక గోడంతా సముద్రమే. ఎనిమిదడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, రెండడుగుల లోతున్న గాజు ట్యాంకు. కింద చెక్క అలమరలో దానికి జోడుగా ఇంకో తొట్టి ఉంది. దాన్ని సంప్ అంటారు. రెండూ కలిపి 400 గ్యాలన్లు, అంటే దాదాపు 1,500 లీటర్ల ఉప్పునీరు. లోపల ఊదారంగులో కొమ్ముకొమ్ముగా పెరిగిన పగడాలు, మెదడు ముడతల్లాంటి పగడాలు, వాటి మధ్య పసుపుపచ్చటి ట్యాంగ్ చేపలు. మొదటిసారి చూసినవాళ్లు చేపల్ని చూస్తారు. మా బావగారు మాత్రం పొద్దున కాఫీ కప్పు పట్టుకుని వచ్చి కొమ్ముల కొనలు చూస్తారు. కొనలు తెల్లగా, లేతగా ఉంటే పగడం పెరుగుతోందన్నమాట. మసకబారాయంటే నీళ్లలో ఏదో తేడా వచ్చింది.

పగడం చూడటానికి చెట్టులా, పట్టుకుంటే రాయిలా ఉంటుంది కానీ అది జంతువు. కొమ్మ మీద కనిపించే ఒక్కో చిన్న చుక్కా ఒక్కో జీవి. దాని ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురముండి, వెలుతురుతో ఆహారం వండి పెడుతుంది. తన చుట్టూ ఉన్న నీళ్లలోంచి కాల్షియాన్ని, కార్బనేట్‌ను లాక్కుని పగడం తన ఎముకను తానే కట్టుకుంటుంది. లేచి ఇంకోచోటికి పోవడం దానికి రాదు కాబట్టి ఎలాంటి నీరొచ్చినా అక్కడే ఉండి భరించాలి. వేల ఏళ్లుగా దాదాపు ఒకేలా ఉన్న నీటికి అలవాటుపడిన ప్రాణి అది. ఉప్పు వెయ్యికి 35 పాళ్లు, కాల్షియం లీటరుకు 400 మిల్లీగ్రాముల పైచిలుకు, మెగ్నీషియం 1,300 దరిదాపు, పీహెచ్ 8.1, 8.2 మధ్య. ఈ అంకెలు గాజు గోడల మధ్య కూడా కదలకుండా చూడటమే ఈ వ్యాపకంలో ఉన్న కష్టమంతా. రంగురంగుల లైట్లు, ఖరీదైన పంపులు దుకాణంలో దొరుకుతాయి. ఇవాళ్టి నీరు నిన్నటిలా ఉండటం దుకాణంలో దొరకదు. దానికి ఎవరో ఒకరు వారంవారం ఒళ్లు వంచాలి.

తీసింది ఎంత, మిగిలింది ఎంత

నీళ్లు ఎందుకు మార్చాలి? చేపలకు వేసిన మేత చివరికి నైట్రేట్, ఫాస్ఫేట్‌గా మారి నీళ్లలో పేరుకుంటుంది. కొన్ని మూలకాలను పగడాలు వాడేసుకుంటాయి. మనం కొలవలేనివి కూడా పెరుగుతుంటాయి, తరుగుతుంటాయి. కొంత పాతనీరు తీసి అంతే కొత్తనీరు పోస్తే అన్నీ కొంచెం కొంచెంగా దారికొస్తాయి. ఇంతవరకు అందరికీ తెలిసిందే. చాలామంది తప్పటడుగు వేసేది లెక్క దగ్గర.

డైనింగ్ టేబుల్ మీద పిల్లల నోట్‌బుక్ లాక్కుని బావగారు ఆ లెక్క వేసి చూపించారు. ‘‘మేత వల్ల వారానికి లీటరుకు 5 మిల్లీగ్రాముల నైట్రేట్ చేరుతోందనుకో. నేను వారానికి 10 శాతం నీళ్లు మారుస్తున్నా. చివరికి నైట్రేట్ ఎక్కడ ఆగుతుంది?’’

సున్నాకి దగ్గరలో ఆగుతుందన్నాను.

‘‘యాభై దగ్గర. 50 ఉన్నప్పుడే పదిశాతం తీస్తే 5 పోతుంది. వారంలో మళ్లీ 5 వస్తుంది. అప్పటిదాకా పెరుగుతూనే ఉంటుంది. 20 శాతం మారిస్తే పాతిక దగ్గర ఆగుతుంది. ఉప్పు ఖర్చు మాత్రం రెట్టింపు.’’

ఈ లెక్క అర్థమైతే సగం ప్రణాళిక అయిపోయినట్టే. వచ్చేదాన్ని తగ్గించకుండా పోసే నీళ్ల మీదే భారం వేస్తే ఎన్ని డ్రమ్ములైనా చాలవు. అందుకే సంప్‌లో స్కిమ్మర్ ఉంటుంది. బెల్లం పాకం కాస్తున్నప్పుడు పైకి తేలిన తెట్టెను గరిటెతో తీసేస్తాం చూడండి, సరిగ్గా ఆ పనే చేస్తుంది. సన్నటి గాలి బుడగలు నీళ్లలోని జిడ్డును పట్టుకుని నురుగుగా పైకెక్కి కప్పులో పడతాయి. ఆ కప్పులో పోగయ్యే కాఫీరంగు నీళ్ల వాసన ఒకసారి చూస్తే చాలు, అది తొట్టిలో ఉండిపోతే ఏమయ్యేదో ఎవరూ చెప్పక్కర్లేదు. పక్క అరలో నాచు గుత్తిని వేరే లైటు కింద పెంచుతారు. అది నైట్రేట్‌ను తిని పెరిగితే, గుప్పెడు పీకి పారేస్తారు. ఇవి రెండూ ఉన్నాయి కాబట్టి ఆ ఇంట్లో నైట్రేట్ పదికి లోపే ఉంటోంది.

రెండో లెక్క ఇంకా ముఖ్యం. ఎముక కట్టుకోవడానికి పగడం వాడుకునే నీటి క్షారత్వాన్ని వీళ్లు డీకేహెచ్ అనే కొలతలో చెబుతారు. సహజ సముద్రంలో అది 7 దగ్గర ఉంటుంది. బావగారి తొట్టి నిండా గట్టి ఎముకల పగడాలే కాబట్టి రోజుకు 2 డీకేహెచ్ హరించుకుపోతుంది. వారానికి 14! పదోవంతు నీళ్లు మార్చి దీన్ని పూడ్చడం ఎవరి తరమూ కాదు. కొత్తనీటిలో 4 డీకేహెచ్ ఎక్కువున్నా మొత్తం తొట్టికి చేరేది 0.4 మాత్రమే. అందుకని మూలన ఒక గొట్టంలో చచ్చిన పగడపు ముక్కల్ని నింపి, వాటిమీదుగా కార్బన్ డయాక్సైడ్ కలిపిన నీళ్లు తిప్పుతారు. ఆ పులుపుకి పాత ఎముకలు కరిగి చుక్కచుక్కగా తొట్టిలోకి దిగుతాయి. దీన్ని కాల్షియం రియాక్టర్ అంటారు. పాత పగడం కరిగి కొత్త పగడానికి ఎముకవడం నన్ను ఆ గొట్టం ముందు చాలాసేపు నిలబెట్టింది.

ఏ పని నీళ్లు మార్చడంతో అవుతుంది, ఏది అవదు అన్నది విడదీసుకోకుండా పెద్ద తొట్టి పెట్టకూడదని ఇదంతా చూశాక నాకనిపించింది.

ఉప్పులో నీళ్లు పోయకూడదు

గురువారం మొదలెట్టిన ఆ సన్నటి ధార ఆర్వో నీళ్లు. ఆ ప్రాంతపు మునిసిపల్ నీటిలో క్లోరమిన్ కలుపుతారు. మనుషులకు ఫర్వాలేదు గానీ పగడానికీ చేపకూ అది విషం. మడ్డి ఫిల్టర్, బొగ్గు ఫిల్టర్, ఆర్వో పొర, చివర్లో రంగుమారే రెజిన్ గొట్టం దాటి వస్తే తప్ప నీరు తొట్టికి పనికిరాదు. చిన్న మీటరు ముంచితే టీడీఎస్ సున్నా చూపించాలి. రోజుకు 75 గ్యాలన్లు ఇచ్చే ఆర్వో పొర కాబట్టి 150 లీటర్లు నిండటానికి 13 గంటలు. వదిలేసే నీళ్లు వృథాగా పోకుండా అక్క ఆ గొట్టాన్ని పెరట్లో నిమ్మచెట్టు మొదట్లో పెట్టింది.

శుక్రవారం ఉదయం డ్రమ్ములో పంపు, హీటరు వేసి, నీళ్లు సుళ్లు తిరుగుతుండగా ఐదున్నర కిలోల ఉప్పును దోసిళ్లతో చల్లారు. నీళ్లలో ఉప్పు వేయాలి. ఉప్పు మీద నీళ్లు పోస్తే అడుగున చిక్కటి ద్రావణమై కాల్షియం విరిగి తెల్లటి బూడిదలా దిగిపోతుంది, మళ్లీ కరగదు. వంటింటి ఉప్పు ఇక్కడ పనికిరాదు. సముద్రంలో ఉన్న సోడియం, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం అన్నీ అదే పాళ్లలో కలిపి అమ్మే పొడి ఇది.

‘‘ఆవకాయలో ఉప్పు నా చెయ్యి చెబుతుంది. దీంట్లో మాత్రం మీ బావ నన్ను చెయ్యి పెట్టనివ్వరు’’ అంది అక్క గుమ్మంలోంచి. ఆవిడ మాటలో నిష్ఠూరం లేదు. ఒకప్పుడు ఈ తొట్టి మీద గొడవపడిన మనిషే, ఇప్పుడు బావగారు ఊళ్లో లేనప్పుడు మేత కొలిచి వేసేది ఆవిడే.

శనివారం ఉదయం ఏడున్నర. డ్రమ్ములో నీళ్లు 26 డిగ్రీలు, తొట్టిలోనూ 26. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ గాజు మీద రెండు చుక్కలు వేసి, కిటికీ వైపు తిరిగి కన్ను పెట్టి చూస్తే నీలం తెలుపు కలిసే గీత 35 మీద ఉంది. ఆ పరికరాన్ని కూడా నమ్మకుండా, 35 అని ముద్రించిన ప్రమాణ ద్రావణంతో నెలకోసారి సరిచూస్తారు. మామూలు నీళ్లతో సున్నా దగ్గర సరిచేస్తే 35 దగ్గర తప్పు చూపించవచ్చట. తర్వాత క్షారత్వ పరీక్ష. చిన్న గాజు సీసాలో నీళ్లు, అందులో రంగు, పైనుంచి సిరంజితో ఒక్కో చుక్క. ఒక చుక్కకీ ఇంకో చుక్కకీ మధ్య రంగు మారిపోయింది. డ్రమ్ములో 8.1, తొట్టిలో 7.8. ‘‘అర దాటి తేడా ఉంటే ఇవాళ పోయను’’ అన్నారాయన.

అప్పుడు హీటర్లు ఆపారు. నీటిమట్టం దిగి హీటరు గాలికి తగిలితే గాజు పగులుతుంది. పైకి నీళ్లు తోసే పంపు ఆపారు. గొట్టం పెట్టి ముందు సంప్ అడుగున పేరుకున్న మడ్డిని లాగారు, తర్వాత రాళ్ల సందుల్లోది. పావుగంటలో పైభాగపు కొమ్ములు నీళ్లలోంచి బయటికొచ్చి మెరుస్తూ నిలబడ్డాయి. నాకు కంగారు పుట్టింది. ఆయన నవ్వి, సముద్రంలో పెద్ద ఆటుపోట్లకు ఇవి గంటసేపైనా ఎండలో తేలి ఉంటాయన్నారు. కొత్తనీటిని మాత్రం తొట్టిలోకి నేరుగా గుమ్మరించకుండా సంప్‌లోకి నెమ్మదిగా వదిలారు. పని మొదలుపెట్టిన గంటా పది నిమిషాలకు పంపు మళ్లీ కూసింది. చేపలు రాళ్ల వెనక నుంచి ఒకటొకటిగా బయటకొచ్చాయి.

ఈ పనిని యంత్రానికి అప్పగించే పద్ధతీ ఉంది. రెండు చిన్న పంపులు రోజుకు ఒక శాతం తీసి, ఒక శాతం పోస్తుంటాయి. నెలకు 30 శాతం కొత్తనీరు పోసినా, పాతది 26 శాతమే పోతుంది. ముందురోజు పోసిన కొత్తనీరు కూడా కొంత బయటికి పోతుంది కదా. ఆ నాలుగు శాతం నష్టం ఏమంత పెద్దది కాదు, బదులుగా పగడానికి కుదుపు అనేదే ఉండదు. నా మటుకు నాకు యంత్రమే మేలనిపించింది. బావగారు ఒప్పుకోలేదు. చేత్తో చేస్తేనే రాతి వెనక చచ్చిన నత్త కనిపిస్తుందంటారు, పంపు గొంతు మారింది వినిపిస్తుందంటారు. ఆ వాదన నాకు నచ్చింది.

ఇండియా నుంచి తిరిగొచ్చాక

ఆయన ఇంత పట్టుదలగా ఉండటానికి ఒక కారణముంది. ఏడేళ్ల క్రితం ఇంట్లో పెళ్లికని నెలరోజులు ఇండియా వచ్చారు. నీళ్లు మార్చడం నాలుగు వారాలు తప్పింది. తిరిగెళ్లేసరికి తొట్టిలో అన్నీ బాగానే ఉన్నాయి. అయినా మనసు ఒప్పక, ప్రయాణపు బడలికలోనే, దొరికిన వేరే రకం ఉప్పు కొనుక్కొచ్చి ఒకేసారి 40 శాతం నీళ్లు మార్చేశారు. నాలుగు వారాల బాకీ ఒక్కరోజులో తీర్చేద్దామనుకున్నారు.

తొట్టిలో 7 డీకేహెచ్ ఉంది. కొత్త ఉప్పులో 11. గంటలో మొత్తం నీరు 8.6కి ఎగబాకింది. డ్రమ్ములోని నీళ్లు నాలుగు డిగ్రీలు చల్లగా ఉండటంతో తొట్టి వేడి డిగ్రీన్నర పడిపోయింది. మర్నాడు కొమ్ముల కొనలు మాడినట్టయ్యాయి. మూడోరోజు నుంచి పగడం మొదట్లో చర్మం ఊడి తెల్లటి ఎముక బయటపడటం మొదలైంది. అరచేయంత కొమ్మ నుంచి పుచ్చకాయంత గుబురుగా ఐదేళ్లు పెంచిన పగడం వారంలో తెల్లటి కట్టె అయిపోయింది. ‘‘మురికినీళ్లలో నెలరోజులు బతికింది. నేను శుభ్రం చేస్తే చచ్చిపోయింది’’ అని చెబుతున్నప్పుడు ఆయన గొంతు ఇప్పటికీ మామూలుగా లేదు. ఆ ఎముక షెల్ఫ్ మీద ఉంది. రియాక్టర్‌లో వేయబుద్ధి కాలేదట.

అప్పట్నుంచి ఆయన నియమం ఒకటే. తప్పిన వారాన్ని తర్వాతి వారంలో కలపరు. ఎప్పుడైనా పదోవంతే. ఉప్పు రకం మార్చాల్సి వస్తే పాతదాంతో సగం సగం కలిపి నెలరోజుల మీద మారుస్తారు.

ఎనిమిది లక్షల లీటర్ల ముందు

ఆదివారం నన్ను శాన్‌ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్‌గేట్ పార్కుకి తీసుకెళ్లారు. అక్కడి కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో స్టైన్‌హార్ట్ అక్వేరియం ఉంది. ఫిలిప్పీన్స్ పగడపు దిబ్బను పోలిన 25 అడుగుల లోతు తొట్టి దాన్లో ముఖ్యం. 2,12,000 గ్యాలన్లు, అంటే మన లెక్కలో 8 లక్షల లీటర్లు. బావగారు ఏడాది పొడవునా మార్చే నీళ్లు 7,800 లీటర్లు. ఈ తొట్టిలో ఒక్క శాతం మార్చాలంటే అంతకన్నా ఎక్కువే కావాలి.

పెద్ద తొట్టిలో శాతాలు టన్నులవుతాయి. ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో 1987లో తెరిచిన అక్వేరియంలో పగడాల తొట్టి ఒక్కటే 25 లక్షల లీటర్లుండేది. ఉప్పు కలిపి అందులో పదోవంతు మార్చాలంటే తొమ్మిది టన్నుల ఉప్పు కావాలి. అదైతే సముద్రపు ఒడ్డునున్న ఊరు. నెదర్లాండ్స్‌లో సముద్రానికి దూరంగా ఉన్న ఆర్న్‌హెమ్‌లోని బర్గర్స్ జూలో 7.5 లక్షల లీటర్ల పగడాల తొట్టి ఉంది. ఒక శాతానికే 270 కిలోలకు పైగా ఉప్పు. అలాంటి చోట నీళ్లు పారబోయడం తేలికైన నిర్ణయం కాదు, ఉన్న నీటినే తిప్పి తిప్పి బాగుచేసుకోవాలి.

అసలు నీళ్లు మార్చకుండానే సముద్రాన్ని నడిపి చూద్దామని అమెరికాలోని ఆరిజోనా ఎడారిలో ఒక ప్రయత్నం జరిగింది. 1991 నుంచి 1993 దాకా ఎనిమిదిమంది లోపలే ఉండి తలుపులు మూసుకున్న గాజు భవనం బయోస్ఫియర్-2లో, 26 లక్షల లీటర్ల చిన్న సముద్రం, అందులో పగడాల దిబ్బ. కొంత నీరు పసిఫిక్ నుంచి ట్యాంకర్లలో మోసుకొచ్చారు, మిగతాది ఉప్పు కలిపి చేసుకున్నారు. మూసిన భవనంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోయి నీళ్లలో కరిగింది, పీహెచ్ పడిపోకుండా సోడా ఉప్పులు కలుపుతూ రావాల్సి వచ్చింది. తర్వాతి రోజుల్లో అదే సముద్రంలో క్రిస్ లాంగ్‌డన్ బృందం కొలతలు తీసి 2000లో ప్రచురించింది. నీళ్లలో కార్బనేట్ తగ్గేకొద్దీ పగడాలు ఎముక కట్టుకునే వేగం తగ్గిపోతుందని తేల్చింది. గాలిలో మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ నిజమైన సముద్రాన్ని ఏం చేయబోతోందో చెప్పిన తొలి గట్టి రుజువుల్లో అదొకటి. అంత పెద్ద సంగతి అంత చిన్న సముద్రంలో తెలిసింది.

పున్నమి లెక్క

బావగారి గరాజ్ తలుపు మీద తెలుగు క్యాలెండర్ వేలాడుతోంది. శనివారాల పక్కన నీలిరంగు టిక్కులు. నెల మొదటి ఆదివారం ‘పంపులు’ అని రాసుంది. ఆరోజు ఒక పంపును విప్పి నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెడతారు, పట్టిన సున్నం వదులుతుంది. రెండో పంపు తర్వాతి నెల. రెండూ ఒకేరోజు ఎప్పుడూ ముట్టుకోరు, ఫిల్టర్ స్పాంజ్‌లైనా సగమే కడుగుతారు. ఆర్నెల్లకోసారి ఆర్వో ఫిల్టర్లు. రోజూ ఆవిరయ్యే 15 లీటర్లకు బదులు మంచినీరే పోయాలి, ఎందుకంటే ఆవిరయ్యేది నీరే, ఉప్పు లోపలే ఉంటుంది. దానికి వేరే డ్రమ్ము, తేలే స్విచ్చు ఉన్నాయి. ఇది చెడితే నాలుగు రోజుల్లో ఉప్పు నాలుగు శాతం పెరుగుతుంది, కాబట్టి వారంవారం స్విచ్చును వేలితో నొక్కి చూస్తారు.

ఒక హెచ్చరిక మాత్రం ఆయన గట్టిగా చెప్పారు. జోయాంథిడ్ అనే గుండీల్లాంటి పగడజాతి జీవుల్లో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషముంటుంది. అవి పట్టిన రాళ్లను వేడినీళ్లలో ఉడికించడం, బ్రష్‌తో గీకడం చేసి ఆ ఆవిరి పీల్చిన కుటుంబాలు ఆస్పత్రి పాలయ్యాయి. చేతులకు తొడుగు, కళ్లకు అద్దాలు లేకుండా రాయి ముట్టుకోకూడదు.

క్యాలెండర్‌లో పున్నముల చుట్టూ కూడా గుండ్రాలున్నాయి. సముద్రంలో చాలా పగడాలు ఏడాదికొకసారి, పున్నమి తర్వాత కొన్ని రాత్రుల్లో, అన్నీ ఒకేసారి గుడ్లు వదులుతాయి. లండన్‌లోని హార్నిమన్ మ్యూజియంలో జేమీ క్రాగ్స్ బృందం తొట్టిలోని నీటి వేడిని ఏడాది పొడవునా పగడాల స్వస్థలంలో మారినట్టే మారుస్తూ, పగటి నిడివినీ వెన్నెలనూ కూడా అలాగే నడిపి, పగడాల చేత అనుకున్న రోజుల్లో గుడ్లు పెట్టించింది. ఏ నెలలో ఎంత వేడి, ఏ రాత్రి ఎంత వెన్నెల అన్నది ఏడాది ముందే రాసుకున్న ప్రణాళిక. అందులో ఒక నెల తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. బావగారు తన ట్యాంకు మీది చిన్న నీలం లైటును పున్నమికి పెంచి, అమావాస్యకు ఆర్పుతారు. ఇప్పటిదాకా ఏ పగడమూ గుడ్లు పెట్టలేదు.

మన తెలుగు తీరంలో పెద్ద పగడపు దిబ్బలు లేవు. గోదావరి, కృష్ణ మోసుకొచ్చే మంచినీరు, ఒండ్రు వాటికి పడవు. మన దేశపు దిబ్బలు లక్షద్వీప్, అండమాన్, మన్నార్, కచ్ ప్రాంతాల్లో ఉన్నాయి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఇంట్లో ఇలాంటి తొట్టి పెట్టాలనుకునేవాళ్లు మొదట చట్టం తెలుసుకోవాలి. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి. సముద్రంలోంచి ముక్క తెంపడం కూడా నేరమే, అలాంటిది అమ్మేవాళ్ల దగ్గర కొనొద్దు. 2024 వేసవిలో లక్షద్వీప్‌లో నీరు వేడెక్కి పగడాలు తెల్లబడ్డాయి. మామూలు ఎండాకాలపు గరిష్ఠం కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు నిలిస్తే చాలు, ఒంట్లోని నాచును పగడం బయటికి గెంటేస్తుంది. ఫ్రీమాంట్ ఇంట్లో ఆ ఒక్క డిగ్రీ కోసం రెండు హీటర్లు, ఒక ఫ్యాను, ఫోన్‌కి మోగే అలారం ఉన్నాయి.

నేను బయల్దేరిన రోజూ గురువారమే. విమానాశ్రయానికి వెళ్లడానికి సామాను కారులో సర్దేశాం. అక్క కన్నీళ్లు తుడుచుకుంటోంది. బావగారు తాళాలు చేతిలో పట్టుకుని ‘‘ఒక్క నిమిషం’’ అంటూ గరాజ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పారు. ఖాళీ డ్రమ్ము అడుగున మొదటి చుక్కలు టపటపా పడటం కారు దాకా వినిపించింది.